ముందున్న ఖాళీ స్థలం: 1930ల నాటి ఒక పేట షాపింగ్ సెంటర్ కేస్ స్టడీ

నేపథ్యం

పాత కట్టడాల సంరక్షణలో సలహాదారులుగా ఉండేవారి ముందుకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం గోడలు, కప్పులు, కిటికీల చుట్టూ తిరుగుతాయి. ఈ కేసులో మాత్రం ఒక షాపింగ్ సెంటర్ ముందు కార్లు ఆపుకునే తారు నేల చరిత్రలో భాగమా, లేక యజమాని చేతిలో మిగిలిపోయిన ఖాళీ జాగా మాత్రమేనా అన్నది తేల్చవలసి వచ్చింది. జవాబు ఎటు మొగ్గితే ప్రాజెక్టు మొత్తం అటు తిరిగిపోయే పరిస్థితి. అందుకే ఏ మలుపులో ఏ ఆధారాన్ని నమ్మి ముందుకు వెళ్లామో, ఏ ఆధారాన్ని ఎందుకు పక్కన పెట్టామో ఈ రంగంలో పనిచేస్తున్న, చదువుకుంటున్న తెలుగువారి కోసం రాస్తున్నాను. స్థలం అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు ఎదురుగా, పొటోమాక్ నదికి వర్జీనియా వైపున ఉన్న ఒక శివారు పేట. పేట పేరు, వీధి, యజమానుల వివరాలు, కట్టిన కచ్చితమైన సంవత్సరం, దుకాణాల సంఖ్య కావాలనే వదిలేశాను.

ఇలాంటి సెంటర్లు ఎలా పుట్టాయో కొంత చెప్పకపోతే తర్వాతి వాదన అందదు. కార్లు వ్యాపించకముందు అమెరికా శివార్లలో దుకాణాలు ట్రామ్ ఆగే చోట్ల, కాలిబాట అంచుకు ఆనుకుని, ఒక్కొక్కటి ఒక్కో యజమాని కింద వరుసగా వెలిసేవి. 1920లలో ఆ వీధుల అంచులన్నీ కార్లతో నిండిపోయి, సరుకులకు వచ్చినవారికి బండి ఆపే చోటు కరువైంది. ముందుగానే ఒక పథకం ప్రకారం దుకాణాలను ఒకచోట కట్టించిన ఉదాహరణలు అప్పటికే లేకపోలేదు. బాల్టిమోర్‌లోని రోలాండ్ పార్క్‌లో 1890లలోనే ఒక దుకాణాల వరుస కట్టారు. షికాగో దగ్గరి లేక్ ఫారెస్ట్‌లో 1916లో మార్కెట్ స్క్వేర్ వచ్చింది. కాన్సస్ సిటీలో జె.సి. నికొల్స్ అనే స్థలవ్యాపారి 1920ల మొదట్లో కంట్రీ క్లబ్ ప్లాజా మొదలుపెట్టాడు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 1920ల నడుమ నుంచి కారును నేరుగా కిరాణా ముంగిట్లోకి తెచ్చుకునే డ్రైవ్-ఇన్ మార్కెట్లు పుట్టుకొచ్చాయి.

మా కేసుకు దగ్గరి పూర్వోదాహరణ మాత్రం వాషింగ్టన్ నగరంలోనే ఉంది. కనెటికట్ అవెన్యూ మీద క్లీవ్‌లాండ్ పార్క్ పేటలో 1930లో తెరిచిన 'పార్క్ అండ్ షాప్' అది. కట్టించినది షానన్ అండ్ లక్స్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ, ఆర్కిటెక్టు ఆర్థర్ హీటన్. కట్టడం ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారంలో మూలస్థలానికి రెండు వైపులా వెనక్కి జరిగి ఉంటుంది. మిగిలిన ముందు భాగమంతా కార్లకు వదిలారు. పిగ్లీ విగ్లీ కిరాణా దాని తొలి అద్దెదారుల్లో ఒకటి. పైకి చూస్తే అదొక మామూలు ఒంటి అంతస్తు దుకాణాల వరుస. కానీ వీధిని ఆనుకున్న భాగమే అన్నిటికన్నా ఖరీదైన నేల కనుక అక్కడే గోడ లేపాలన్నది అప్పటిదాకా స్థలవ్యాపారంలో ఎవరూ ప్రశ్నించని సూత్రం. ఆ సూత్రానికి ఎదురుగా, అద్దె రాని ఆ ముందు జాగాయే వెనక ఉన్న దుకాణాల అద్దెను పెంచుతుందని లెక్క వేయడం అందులోని కొత్తదనం. స్థలమంతా ఒకే యాజమాన్యం కింద ఉండడం, ఒక ఇంటికి రోజూ కావలసినవన్నీ దొరికేలా దుకాణాలను ఎంచి కూర్చడం, వీధికి బయట సొంత పార్కింగ్ ఉండడం అనే మూడు లక్షణాలూ ఒకచోట కలిసినప్పుడే అది పేట షాపింగ్ సెంటర్ అవుతుంది. ఈ నమూనా తర్వాతి పదేళ్లలో వాషింగ్టన్ చుట్టుపక్కల చాలా చోట్లకు పాకింది. మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో 1938లో జాన్ ఎబర్సన్ రూపకల్పన చేసిన షాపింగ్ సెంటర్, దాని సినిమా హాలు ఆ కోవలో పెద్దవి.

మా సెంటర్ 1930ల రెండో భాగంలో, ఆ వరసలోనే, చిన్న ప్రమాణంలో కట్టినది. ఎల్ ఆకారం, ముందు కార్ల స్థలం, వెనక సరుకుల లారీలు వచ్చే సందు, ఒక చివర కిరాణా, మూల మీద డ్రగ్‌స్టోర్ (మందుల దుకాణం) ఉండేవి. కట్టించినవారి మనవల తరం ఇప్పుడు దాని యజమానులు.

ఎదురైన సమస్య

మెట్రో స్టేషన్ దగ్గర్లో ఉన్నందువల్ల ఆ నేల విలువ బాగా పెరిగింది. ముందున్న పార్కింగ్ స్థలంలో దిగువన దుకాణాలు, పైన అపార్ట్‌మెంట్లు ఉండే కొత్త భవనం కట్టి, వెనకనున్న పాత వరుసను చారిత్రక కట్టడంగా బాగుచేయించి, ఆ ఖర్చుపై ట్యాక్స్ క్రెడిట్ పొందాలన్నది యజమానుల ఆలోచన. అమెరికాలో ఆదాయం తెచ్చే చారిత్రక కట్టడాన్ని నిర్ణీత ప్రమాణాల ప్రకారం పునరుద్ధరిస్తే అర్హమైన ఖర్చులో 20 శాతం కేంద్ర ఆదాయపు పన్నులో తగ్గుతుంది. వర్జీనియా రాష్ట్రం విడిగా మరో 25 శాతం ఇస్తుంది. రెండూ కలిస్తే చిన్న మొత్తం కాదు. అయితే అవి రెండూ అందాలంటే కట్టడం జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌కు అర్హమని ముందు తేలి, ఆ తర్వాత అందులో చేరాలి.

పేట నివాసుల సంఘం కోరిక వేరు. తమ సెంటర్ రాష్ట్రంలోనే మొదటిదని వారి కరపత్రాల్లో చాలా ఏళ్లుగా అచ్చవుతోంది. 1960లలో తగిలించిన అల్యూమినియం రేకులు పీకేసి, పాత ఫొటోల్లో కనిపించే చిన్న గోపురం, చూరు కిటికీలు తిరిగి కట్టించి, పూర్వపు కలోనియల్ (వలసపాలన కాలపు ఇళ్లను పోలిన) రూపానికి తేవాలని వారు పట్టుబట్టారు. యజమానులకూ సంఘానికీ ఎన్ని విషయాల్లో తగాదా ఉన్నా ఒక విషయంలో మాత్రం పూర్తి ఏకాభిప్రాయం ఉంది. ఇద్దరి దృష్టిలోనూ చరిత్ర అంటే కట్టడం ముఖభాగమే. ముందు జాగా యజమానులకు ఆదా చేసిపెట్టుకున్న నేల, సంఘానికి కంటికి ఇంపుకాని తారు.

నాకు యజమానులు అప్పగించిన పని అర్హత నిర్ణయానికి కావలసిన చరిత్ర నివేదిక తయారుచేయడం. డబ్బులిచ్చేవారు ఒక జవాబు కోరుకుంటున్నప్పుడు ఆధారాలు ఇంకొక జవాబు చెప్పే అవకాశం ఇలాంటి పనిలో ఎప్పుడూ ఉంటుంది. అందుకని నివేదిక సారాంశం ముందు యజమానులకు చూపిస్తాను గానీ, వారి ప్రాజెక్టుకు అనుకూలంగా మార్చనని ఒప్పందంలోనే రాయించుకున్నాను. ఆ ఒక్క వాక్యం తర్వాత ఎంత పనికి వచ్చిందో చెప్పలేను.

ముందు ప్రయత్నించినవి

రిజిస్టర్‌కు నాలుగు ప్రమాణాలు ఉన్నాయి. వాటిలో ఇలాంటి కట్టడానికి వర్తించేవి రెండు. చరిత్రలో ఒక ముఖ్యమైన పరిణామంతో ముడిపడి ఉండడం ఎ ప్రమాణం, రూపకల్పనలోనో నిర్మాణంలోనో విశిష్టత ఉండడం సి ప్రమాణం. ఏ ప్రమాణం ఎంచుకున్నా దానితోపాటు సమగ్రత కూడా, అంటే ఆ ప్రాముఖ్యాన్ని చూపగలిగినంతగా పాత రూపం నిలిచి ఉందని కూడా, నిరూపించాలి. సమగ్రతను ఏడు కోణాల్లో చూస్తారు: ఉన్న చోటు, రూపకల్పన, పరిసరం, సామగ్రి, పనితనం, భావన, అనుబంధం.

యజమానుల ఆర్కిటెక్టు అప్పటికే సి ప్రమాణం మీద ఒక చిత్తుప్రతి సిద్ధం చేసి ఉంచాడు. ఇటుక గోడ, పలకల కప్పు, గోపురం ఉన్న కలోనియల్ పునరుజ్జీవన శైలి కట్టడమన్నది దాని సారం. మొదట ఆ దారినే పరీక్షించాం. అందుకు కారణం ఉంది. సి ప్రమాణం మీద అర్హత దొరికితే ముందు జాగా ప్రస్తావన పెద్దగా రాకుండానే యజమానుల కోరిక తీరేది. తేలికైన దారి తెరిచి ఉందో లేదో చూడకుండా కష్టమైన దారి పట్టించడం సలహాదారుకు తగదు.

రాష్ట్ర చారిత్రక సంరక్షణ కార్యాలయానికి పంపిన ప్రాథమిక సమాచార పత్రానికి వచ్చిన స్పందన క్లుప్తంగా, స్పష్టంగా ఉంది. గోపురం లేదు. కప్పు సగం మార్చారు. అసలు షోకేసు కిటికీల్లో ఒక్కటీ మిగల్లేదు. ముఖభాగమంతా రేకుల కింద ఉంది. శైలికి ప్రతినిధిగా నిలవాలంటే కావలసిన సామగ్రి, పనితనం రెండూ పోయాయి. ఈ మాటలకు ఎదురు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

అయితే రేకుల వెనక అసలు ముఖభాగం చెక్కుచెదరకుండా ఉండవచ్చని నివాసుల సంఘం గట్టిగా నమ్మింది. అది నిజమైతే సి ప్రమాణం మళ్లీ బతుకుతుంది. అనుమతి తీసుకుని ఒక్క దుకాణం ముందు భాగంలో రేకులు విప్పించాం. ఒక్కచోటే విప్పించడానికి కారణం, విప్పినది చరిత్రలో భాగమని తర్వాత తేలితే నష్టం ఆ ఒక్కచోటికే పరిమితమవుతుంది. రేకుల వెనక చెక్క పట్టీలు, వాటి వెనక నల్లగా నిగనిగలాడే గాజు పలకలు కనిపించాయి. అది విట్రోలైట్ అనే రంగు గాజు. 1930లలో, 40లలో దుకాణాల ముఖాలను ఆధునికంగా కనిపింపజేయడానికి అమెరికా అంతటా వాడారు. ఒక మూల విరిగిన పలకను జాగ్రత్తగా కదిపి చూస్తే, దాని వీపున పిడికెడు పిడికెడు తారు ముద్దలు, ఆ ముద్దలు పట్టుకోవడానికి ఉలితో చెక్కి గరుకు చేసిన పాత ఇటుకలు కనిపించాయి. ఇటుక అంచులు అరంగుళం మేర పగిలిపోయి ఉన్నాయి. అంటే కలోనియల్ ముఖభాగాన్ని కప్పేసినది 1960ల రేకులు కావు. అంతకుముందే, గాజు పెట్టినవారే దాన్ని శాశ్వతంగా చెక్కేశారు. యజమానుల కుటుంబ కాగితాల్లో దొరికిన బిల్లు ప్రకారం ఆ గాజు పని రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన వెంటనే జరిగింది.

పూర్వరూపానికి తేవాలన్న ఆలోచన అక్కడితో ఆగిపోయింది. కేంద్రం పాటించే పునరుద్ధరణ ప్రమాణాలు ఊహ మీద ఆధారపడి పాత అలంకారాలను కొత్తగా కట్టడాన్ని ఒప్పుకోవు. పైగా కాలక్రమంలో వచ్చి తమంతట తాము ప్రాముఖ్యం సంపాదించుకున్న మార్పులను నిలపమంటాయి. గాజును అలాంటి మార్పుగా చూడాలా వద్దా అన్నది ఆ దశలో తేల్చలేదు. దాని జవాబు కాలపరిధి మీద, అంటే ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా జరిగినదాన్ని ఈ స్థలం ప్రాముఖ్యంలో భాగంగా లెక్కిస్తామన్నదాని మీద, ఆధారపడుతుంది, ఆ కాలపరిధి ఇంకా నిర్ణయం కాలేదు.

మరో ప్రయత్నం 'మొదటిది' అన్న కీర్తి మీద ఆధారపడడం. దాన్ని సంఘం కోరికపై పరిశీలించాను గానీ, నాకు ముందు నుంచీ నమ్మకం లేదు. ఆ మాటకు మూలం వెతుకుతూ పోతే చివరికి దొరికినది సెంటర్ ప్రారంభం నాటి ఒక పత్రికా ప్రకటన. అది యజమాని డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన. మొదటిది అనడానికి ముందు దేనిలో మొదటిదో చెప్పాలి. ఒక పథకం ప్రకారం కట్టిన దుకాణాల వరుసల్లోనా, కార్ల కోసం కట్టినవాటిలోనా, ఒకే యాజమాన్యం ఉన్నవాటిలోనా అన్నదాన్ని బట్టి కిరీటం ఊరూరా చేతులు మారుతుంది. అసలు రిజిస్టర్‌కు మొదటిది కానక్కరలేదు. స్థానిక స్థాయిలో ఒక పరిణామాన్ని బాగా చూపగలిగితే చాలు. నిలబడని గొప్ప ఒకటి నివేదికలో చేరితే, సమీక్షకులు మిగిలిన నిజాలను కూడా అనుమానంగా చదువుతారు. ఆ మాట పూర్తిగా తీసేశాం.

దారి దొరికిన చోటు

సి ప్రమాణం మూసుకుపోయాక మిగిలింది ఎ ప్రమాణం. ఈ సెంటర్ ఏ పరిణామానికి సాక్ష్యం అని అడిగితే జవాబు ఒకటే వస్తుంది. శివారు జీవనం ట్రామ్ నుంచి కారుకు మారిన దశలో దుకాణాలు వీధి అంచు వదిలి వెనక్కి జరగడం. అదే నిజమైతే సమగ్రత లెక్క కూడా మారుతుంది. ఇటుక, పలక, గోపురం వెనక్కి పోయి, ఉన్న చోటు, పరిసరం, స్థలం మీద కట్టడాన్ని అమర్చిన తీరు ముందుకు వస్తాయి. ఇవన్నీ మా సెంటర్‌లో దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరూ పట్టించుకోని ఆ తారు నేలే ఇక్కడ అన్నిటికన్నా బలమైన సాక్ష్యం.

వాదన చక్కగా కుదిరినంత మాత్రాన చాలదు. ముందు జాగా మొదటి నుంచీ కార్ల కోసమే ఉద్దేశించినదని ఆధారాలతో చూపాలి. తర్వాత ఎప్పుడో ఒక పూలతోటను తారు చేసి ఉంటే వాదన మొత్తం కూలిపోతుంది. ఈ దశలోనే ఎక్కువ కాలం గడిచింది.

ముందుగా సాన్‌బోర్న్ అగ్నిబీమా పటాలు చూశాం. బీమా కంపెనీల కోసం తయారైన ఈ పటాల్లో ఇటుక కట్టడాలు గులాబీ రంగులో, చెక్కవి పసుపులో ఉంటాయి, దుకాణమైతే ఎస్ అక్షరం వేస్తారు. మా సెంటర్ గులాబీ రంగు ఎల్‌గా, ముందు ఖాళీతో కనిపించింది. కానీ ఈ పటాలతో ఒక చిక్కు ఉంది. కొత్త కట్టడం వచ్చినప్పుడల్లా పటం మళ్లీ అచ్చు వేయకుండా, సవరించిన ముక్కను పాత షీటు మీద అతికించేవారు. షీటు కింద అచ్చయిన సంవత్సరానికీ అతికించిన ముక్కలో ఉన్న సమాచారానికీ పదేళ్ల దూరం ఉండవచ్చు. పైగా ఖాళీని ఖాళీగానే చూపుతాయి తప్ప అక్కడ కారు ఆగిందో గడ్డి పెరిగిందో చెప్పవు. కాబట్టి ఆకారానికి ఆ పటాన్ని సాక్ష్యంగా తీసుకుని, తేదీకి, వాడకానికి తీసుకోలేదు.

దస్తావేజుల్లో ఇంకా గట్టి ఆధారం దొరికింది. పేటను ప్లాట్లుగా విడగొట్టినప్పుడు దాఖలు చేసిన లేఅవుట్‌లో ఈ మూలస్థలాన్ని వ్యాపారానికి కేటాయించి, వీధి నుంచి ఇంత దూరం లోపల తప్ప గోడ లేపరాదని షరతు రాశారు. ఇళ్ల ప్లాట్లకు పెట్టిన దూరం కన్నా ఇది చాలా ఎక్కువ. పూలమొక్కల కోసం ఎవరూ వ్యాపార స్థలంలో అంత నేల వదులుకోరు. అయినా ఇది కూడా ఉద్దేశానికే సాక్ష్యం, జరిగినదానికి కాదు.

జరిగినదానికి సాక్ష్యం ఊహించని చోట నుంచి వచ్చింది. అమెరికా వ్యవసాయ శాఖ 1930లలో పంట భూముల విస్తీర్ణం లెక్క కట్టడానికి విమానాల నుంచి దేశంలోని జిల్లాలను ఫొటోలు తీయించింది. వాషింగ్టన్ శివార్లలో అప్పటికి ఇంకా పొలాలు ఉండేవి కనుక ఈ పేట కూడా ఒక ఫ్రేములో పడింది. తీసినది సెంటర్ తెరిచాక ఏడాది రెండేళ్లలోపే. ఆ ఫొటోను పెద్దది చేసి చూస్తే, ఎల్ ఒడిలో నల్లటి చిన్న చిన్న ముక్కలు దుకాణాల వైపు ఏటవాలుగా ముఖం పెట్టి వరుసగా నిలిచి ఉన్నాయి. ఎదురుగా వీధి అంచున ఒక్కటి కూడా లేదు. సెంటర్ కట్టించిన ప్రయోజనం నెరవేరిందని దానికన్నా సూటిగా చెప్పే కాగితం ఇంకొకటి నాకు తారసపడలేదు.

ఇక ఒకే యాజమాన్యం, ఎంచి కూర్చిన దుకాణాలు అన్న మిగిలిన రెండు లక్షణాలకు నగర డైరెక్టరీలు, కుటుంబం దాచిన కౌలు పత్రాలు ఆధారమయ్యాయి. డైరెక్టరీల్లోని వివరాలు అచ్చయిన ఏడాదికి ముందు సేకరించినవి కాబట్టి, ప్రతి పేరునూ పత్రికా ప్రకటనలతో సరిచూశాం. కిరాణా, డ్రగ్‌స్టోర్, బేకరీ, హార్డ్‌వేర్, బట్టలు ఉతికి ఇచ్చే దుకాణం, సౌందర్యశాల తొలి అద్దెదారులు. ఒకే రకం దుకాణం రెండోది లేదు. ఇది యాదృచ్ఛికం కాదని కౌలు పత్రాలు చెప్పాయి. డ్రగ్‌స్టోర్ పత్రంలో తాజా మాంసం, కూరగాయలు అమ్మరాదని, కిరాణా పత్రంలో మందులు అమ్మరాదని రాసి ఉంది. అద్దెలో కొంత భాగం అమ్మకాల మీద శాతంగా కట్టే ఏర్పాటు కూడా ఉంది. అందువల్ల ప్రతి దుకాణం బాగా నడవడం యజమానికీ లాభమే. నిర్మాణశైలి గురించి పేజీలు నింపిన పాత చిత్తుప్రతిలో ఈ పత్రాల ప్రస్తావనే లేదు.

కాలపరిధి, ఒక చేదు అధ్యాయం

ప్రాముఖ్య కాలం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం తేలిక. ఎక్కడ ముగియాలన్నదే చర్చ. యుద్ధం వల్ల నిర్మాణాలు ఆగిపోయిన 1942తో ముగిద్దామని మొదట అనుకున్నారు. అందులో తర్కం ఉంది గానీ, సౌకర్యం కూడా ఉంది. ఎందుకు సౌకర్యమో లేఅవుట్ దస్తావేజు చదివితే తెలుస్తుంది. గోడ దూరం గురించి చెప్పిన షరతుకు రెండు పేరాల కిందనే, ఈ ప్లాట్లను శ్వేతజాతీయులు కానివారికి అమ్మరాదని, అద్దెకు ఇవ్వరాదని రాసి ఉంది. ఇలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీంకోర్టు 1948లో చెప్పింది, 1968 నాటి గృహవసతి చట్టం వాటిని నేరుగా నిషేధించింది. మొదటి షరతును గర్వంగా ఉదహరించి, అదే పత్రంలోని రెండోదాన్ని వదిలేస్తే అది చరిత్ర నివేదిక కాదు. పేట సెంటర్ అంటే ఎవరి పేట అన్న ప్రశ్న అందులో ఇమిడే ఉంది.

డ్రగ్‌స్టోర్‌లో కూర్చుని తినే లంచ్ కౌంటర్ ఒకటి ఉండేది. నల్లజాతివారు అక్కడ సరుకు కొనవచ్చు గానీ కూర్చోరాదు. నది అవతల వాషింగ్టన్ నగరంలో 1953 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో హోటళ్లలో ఈ వివక్షకు చట్టపరంగా తెరపడినా, వర్జీనియా వైపు అది కొనసాగింది. 1960 జూన్‌లో ఆర్లింగ్టన్‌లో విద్యార్థులు డ్రగ్‌స్టోర్ల కౌంటర్ల దగ్గర కూర్చుని నిరసన తెలిపాక, ఆ నెలలోనే అక్కడి పలు దుకాణాలు అందరికీ వడ్డించడం మొదలుపెట్టాయి. మా సెంటర్ కౌంటర్ కూడా ఆ ఊపులోనే తెరుచుకుంది. కాలపరిధిని 1960 దాకా పొడిగించాలని ప్రతిపాదించాను. యజమానులు తాతగారి పేరు చెడుతుందని సంకోచించారు. సంఘంలో కొందరు పాత గాయాలు రేపడం దేనికన్నారు. తాతగారి గురించి నివేదికలో వ్యాఖ్య ఏదీ ఉండదని, దస్తావేజులో ఉన్న వాక్యం, కౌంటర్ వాడుక, అవి మారిన తేదీ మాత్రమే ఉంటాయని చెప్పాక ఒప్పుకున్నారు.

ఈ నిర్ణయం వల్ల ఒక సాంకేతిక చిక్కు కూడా విడిపోయింది. కాలపరిధి 1960 దాకా సాగింది కనుక యుద్ధానంతరపు నల్ల గాజు అందులోపలికి వచ్చి, నిలపవలసిన పొర అయింది. ఆ తర్వాత వచ్చిన అల్యూమినియం రేకులు బయటే ఉండి, తీసేయదగినవి అయ్యాయి. పోయిన గోపురం కట్టాలా అన్న ప్రశ్నే లేకుండా పోయింది.

యజమానులతో సంప్రదింపులు, ఫలితం

ఎ ప్రమాణం మీద అర్హత ఖాయమయ్యే సూచన వచ్చేసరికి యజమానులకు అసలు విషయం అర్థమైంది. ప్రాముఖ్యం ముందు జాగాలో ఉందని మనమే రాసి, ఆ జాగాలో భవనం కడతామంటే ట్యాక్స్ క్రెడిట్ రాదు. ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రిజిస్టర్‌లో చేరినంత మాత్రాన ప్రైవేటు యజమానిని సొంత డబ్బుతో కట్టడం కూల్చకుండా అది ఆపలేదు. ఆ అడ్డు స్థానిక చట్టాల వల్లే వస్తుంది, ఇక్కడ అలాంటి స్థానిక రక్షణ లేదు. కాబట్టి క్రెడిట్ వదులుకుని ముందు జాగాలో కట్టుకునే దారి వారికి తెరిచే ఉంది. ఈ సంగతి దాచి ఒత్తిడి చేయడం సరికాదని మొదటి సమావేశంలోనే చెప్పాను.

వారి ఆర్కిటెక్టు రెండు లెక్కలు వేశాడు. ముందు జాగాలో కడితే ఎక్కువ ఫ్లాట్లు వస్తాయి, కానీ పాత వరుస బాగుచేతకు క్రెడిట్ రాదు, కట్టుబడి జరిగినన్నాళ్లూ దుకాణాలకు గిరాకీ ఉండదు, కార్లకు భూగర్భంలో చోటు తవ్వాలి. రెండో లెక్క, వెనక సందుకు అవతల కుటుంబం 1960లలో విడిగా కొన్న స్థలంలో కట్టడం. అక్కడున్న పాత బ్యాంకు కట్టడం కాలపరిధికి బయటిది. ఫ్లాట్లు తగ్గుతాయి, కానీ రెండు క్రెడిట్లూ దక్కుతాయి, దుకాణాలు నడుస్తూనే ఉంటాయి. కుటుంబం రెండోది ఎంచుకుంది. కొత్త భవనంలో సెంటర్ వైపు ఉన్న అంతస్తులను మెట్లుగా వెనక్కి జరిపి, ముందు జాగాలో నిలబడి చూసేవారికి పాత కప్పు గీత మీద భారంగా కనిపించకుండా చేశారు.

మెట్రో స్టేషన్ పక్కన తారు నేలను కాపాడడం ఏమి న్యాయమని గృహవసతి కోరే యువకులు బహిరంగ విచారణలో అడిగారు. అది తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. 1981లో మెట్రో స్టేషన్ వచ్చాక వాషింగ్టన్ పార్క్ అండ్ షాప్‌ను కూల్చి పెద్ద భవనం కట్టాలన్న ఒత్తిడి వచ్చినప్పుడూ, నివాసులు సంఘటితమై 1986లో చారిత్రక ప్రాంతంగా గుర్తింపు తెచ్చుకున్నప్పుడూ ఇదే వాదన నడిచింది, ఇప్పటికీ నడుస్తోంది. నా అభిప్రాయంలో ఇలాంటి ప్రతి పార్కింగ్ స్థలమూ కాపాడదగినది కాదు. 1950ల తర్వాత వచ్చిన వేలాది స్ట్రిప్ మాల్స్ (రోడ్డు పక్కన వరుసగా కట్టిన దుకాణాల సముదాయాలు) ముందున్న తారు మైదానాలకు ఈ వాదన పొడిగిస్తే అది నిలవదు. కొత్త అలవాటు ఇంకా అలవాటుగా స్థిరపడని రోజుల్లో కట్టినవి, కొలత చిన్నవి, ఆధారాలు దొరికినవి కొన్నే ఉంటాయి. వాటిలో ఒకటి నిలిస్తే చాలు. ఇళ్లు కట్టడానికి పక్క స్థలం లేకపోయి ఉంటే ఈ కేసులో నా సలహా ఏమయ్యేదో చెప్పడం కష్టం.

తర్వాతివారికి పనికొచ్చే కొన్ని సంగతులు

ఇలాంటి సెంటర్ మీద పని మొదలుపెట్టేవారు ముఖభాగం ఫొటోలతో మొదలుపెట్టకుండా, లేఅవుట్ పటం, విమాన ఫొటో, కౌలు పత్రాలు ఈ మూడూ ముందు తెప్పించుకుంటే మంచిది. శైలి చర్చ ఆ తర్వాత ఎంత అవసరమో అంతే వస్తుంది. కౌలు పత్రాలు ప్రభుత్వ కార్యాలయాల్లో దొరకవు, యజమానుల ఇళ్లలో అటకల మీద ఉంటాయి. కనుక వారితో సంబంధం చెడకముందే అడగాలి.

అద్దెదారుల సంగతి నివేదిక పరిధికి బయటిదే అయినా దాన్ని వదిలేయలేదు. తొలి కిరాణా ఉన్న చోట ఇప్పుడు దక్షిణాసియా సరుకుల దుకాణం ఉంది, బేకరీ చోట ఒక లాటిన్ అమెరికన్ కుటుంబం భోజనశాల నడుపుతోంది. పాతబడి అద్దె తగ్గిన సెంటర్లు కొత్తగా వచ్చినవారికి తొలి ఆసరా కావడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. ఫాల్స్ చర్చ్‌లో 1960ల నాటి షాపింగ్ సెంటర్ ఒకటి 1980ల నుంచి వియత్నామీయుల ఈడెన్ సెంటర్‌గా మారింది. సాధారణంగా 50 ఏళ్లు నిండని చరిత్రను రిజిస్టర్ పరిగణించదు గనుక ఈ పొరను కాలపరిధిలో చేర్చలేకపోయాం. అయితే పునరుద్ధరణ తర్వాత ఉన్న అద్దెదారులకు కౌలు పొడిగింపులో మొదటి అవకాశం ఇచ్చేలా యజమానులు రాసి ఇచ్చారు. అద్దె మీద పరిమితి మాత్రం రాయలేదు.

రిజిస్టర్ కోసం ఇచ్చే జాబితాలో ముందు జాగాను కట్టడంలో కలిపేయకుండా, విడిగా ప్రాముఖ్యం ఉన్న స్థలంగా నమోదు చేయించడం అన్నిటికన్నా ఎక్కువగా అక్కరకొచ్చిన పని. కలిపేసి ఉంటే మరుసటి దశలో తారు తిరిగి పోసేటప్పుడు దాన్ని మామూలు మరమ్మతుగా చూసేవారు. విడిగా ఉన్నందున నేల వాలు, ఏటవాలు గీతలు, లోపలికీ బయటికీ ఉన్న దారులు సమీక్షలోకి వచ్చాయి. వికలాంగుల పార్కింగ్‌కు నేల వాలు 48కి 1 దాటరాదు, పాత నేల వాననీరు వీధిలోకి పోవడానికి అంతకన్నా వాలుగా ఉంది. మొత్తం చదును చేస్తే దుకాణాల గడపలకూ వీధికీ ఉన్న పాత సంబంధం పోతుంది, అలాగే ఉంచితే చట్టం ఒప్పుకోదు. చివరికి దుకాణాల ముందున్న నడక దారిని ఆనుకుని ఒక పట్టీ మేర మాత్రం నేల సరిచేసి ఆ గడులను అక్కడే పెట్టించి, మిగిలినదాన్ని పాత వాలులోనే వదిలి, గీతలను విమాన ఫొటోలో కనిపించిన కోణంలోనే వేయించారు.